ఒక్క మంచి మాట చెప్తేనే అర్జీ

దేవరాజు కాకకు ఒకటే జబ్బు. ఎవరి మీద ఫిర్యాదు రాయమని అడిగినా సరే, ముందు ఆ మనిషి గురించి ఒక్క మంచి మాట చెప్పందే కలం మూత తీసేవాడు కాదు.

వినడానికి ఇదేమంత పెద్ద విషయం అనిపించదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. మీ పొలం పక్కాయన గట్టు జరిపి మీ జాగాలో సాలు దున్నుకున్నాడు. మీరు కడుపు మండి, కిక్కిరిసిన బస్సులో ఒంటికాలి మీద నిలబడి గద్వాల చేరారు. అర్జీలు రాసే దేవరాజు ఎక్కడని పదిమందిని అడిగి వచ్చి ముందు నిలబడ్డారు. ఆయన మీ గోడు మొత్తం ఓపిగ్గా విని, కళ్ళద్దాలు తుడుచుకుని, 'అంతా బాగనే ఉంది గాని, వాని గురించి ఒక మంచి మాట చెప్పు' అంటే మీకెలా ఉంటుంది? వచ్చిన వాళ్ళందరికీ అలాగే ఉండేది.

ఇదంతా నేను పక్కనే కూర్చుని చూశాను. ఎనభైల చివర్లో టైపు లోయరు పాసై, ఉద్యోగం మాట దేవుడెరుగు, ఖాళీగా ఉండలేక ఒక పాత తెలుగు మిషను కొనుక్కుని కాక పక్కన బల్ల వేసుకున్నాను. ఆయన చేత్తో రాసేవాడు, టైపులో కావాలన్న వాళ్ళకు నేను కొట్టి ఇచ్చేదాన్ని. కాక కూడా మాలాగే మగ్గం ఇంట్లో పుట్టినవాడే. పని సన్నగిల్లి మగ్గం అమ్ముకున్నాక, చేతిలో మిగిలిన విద్య చక్కటి దస్తూరి ఒక్కటే. జీతం లేదు, కుర్చీ లేదు, పై అధికారి లేడు. పొద్దున ఎవరొస్తే వాళ్ళే మా యజమానులు.

మా ఆఫీసు అంటే, కోటకు పోయే బజారులో బాలకిష్టయ్య చీరల దుకాణం ముందు మోరీ కాలవ మీద పరిచిన బండ. బండ మున్సిపాలిటీది. వెనక మెట్లూ, నెత్తి మీద రేకు నీడా బాలకిష్టయ్యవి. ఈ మూడింటి మధ్యా మా బతుకు సాఫీగానే నడిచింది, కాక జబ్బు ముదిరేదాకా.

ఒకనాడు మల్దకల్ నుంచి మాసయ్య అనే రైతు వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"రాయి కాకా. మా అన్న హన్మంతు, ఉమ్మడి బాయి మోటరు ఫీజులు పీక్కపోయిండు. చేను ఎండుతుంది. వాడు మనిషి గాదు. గదే రాయి."

"రాస్త. మీ అన్న గురించి ఒక మంచి మాట చెప్పు."

"మంచి మాట ఉంటే నేను గద్వాల దాంక ఎందుకొస్త?"

"గట్లయితే జర గా మెట్ల మీద కూసొని యాది చేస్కో."

మాసయ్య మెట్ల మీద కూర్చున్నాడు. బీడీ తాగాడు. లేచి వచ్చాడు.

"వాని ఎడ్లు మంచివి."

"ఎడ్ల మీద పెడ్తున్నవా అర్జీ? మనిషి గురించి చెప్పు."

మళ్ళీ మెట్లు, మళ్ళీ బీడీ.

"మా వదిన మంచిది."

"ఆమె మంచితనం ఆమెది. దాంట్ల మీ అన్నకు వాటా లేదు."

మాసయ్యకు తల ప్రాణం తోకకొచ్చింది. నా వైపు దీనంగా చూశాడు. నేనేం చేయను, మిషనులో కాగితం ఎక్కించుకుని గోళ్ళు చూసుకుంటున్నాను. చివరికి ఎండ మెట్ల మీదికి వచ్చేవేళకి గొణిగాడు.

"చిన్నప్పుడు నాకు తేలు కుట్టింది. మా అన్న నన్ను వీపు మీద ఏసుకొని దవాఖాన దాంక ఉరికిండు. చెప్పులు గూడ లేవు ఆయన కాళ్ళకు."

కాక కలం మూత తీశాడు. ఆ అర్జీ నేనే టైపు కొట్టాను కాబట్టి ఇప్పటికీ గుర్తుంది: 'మా అన్నగారైన హన్మంతు గారు బాల్యమున మమ్ములను వీపున మోసి ప్రాణము కాపాడిన పుణ్యమూర్తులు. అట్టివారు ప్రస్తుతము మోటారు ఫీజులు పీకుకొనిపోయి ఉన్నారు కావున తమరు దయతో విచారించ ప్రార్థన.' చదివే అధికారి హన్మంతును మందలించాలో, శాలువా కప్పాలో తెలియక అల్లాడిపోతాడనుకున్నాను.

మాసయ్య వెళ్ళేటప్పుడు కాక ప్రతి గిరాకీతో చెప్పే మాటే చెప్పాడు. "ఇగ మళ్ల రావొద్దు."

నాకు ఒళ్ళు మండింది.

"కాకా, వెనక బాలకిష్టయ్య సేటును చూడు. ఒక్క జాకెట్టు ముక్క కొన్నోళ్ళకు గూడ 'మళ్ల రండ్రి' అంటడు. నువ్వు వచ్చినోళ్ళను సతాయించి, మళ్ల రావొద్దంటివి. గిట్లయితే మన దుకాణం నడుస్తదా?"

"చీరకు మళ్ల రావాలె బిడ్డ. అర్జీకి మళ్ల వచ్చిండంటే మనం మొదటిది సరిగ రాయనట్టే కద."

ఇలాంటి మనిషితో వ్యాపారం గురించి మాట్లాడితే గోడకు చెప్పుకున్నట్టే. నేను నెత్తి కొట్టుకుని రిబ్బను మార్చుకున్నాను.

ఇంకోసారి కిష్టమ్మ అని ఒక కోడలు అత్త మీద ఫిర్యాదుకు వచ్చింది. మంచి మాట అడగ్గానే తడుముకోకుండా చెప్పింది, "మా అత్త పచ్చిపులుసు చేస్తే వాడకట్టంత వాసనే". తర్వాత తనే ఆలోచించి, "గంత మంచిగ చేస్తది గాని నాకు నేర్పియ్యదు. అసలు నా లొల్లి గదే ఉన్నట్టుంది" అని, అర్జీ వద్దనేసి వెళ్ళిపోయింది. ఒక గిరాకీ పోయింది. కాక మాత్రం ఆ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు.

సరే, ఫిర్యాదుల సంగతి ఎలా ఉన్నా, ఈ జబ్బు మిగతా రాతలకు కూడా పాకింది. పెళ్ళిళ్ళ కాలం ముందు బాలకిష్టయ్య తన దుకాణానికి కరపత్రం రాయమన్నాడు. రిక్షాకు మైకు కట్టి అదే చదివిస్తానన్నాడు. నిజానికి బాలకిష్టయ్య గిరాకీని చూసుకునే పద్ధతి చూసి తీరాల్సిందే. మనిషి మెట్టెక్కకముందే గోలీసోడా తెప్పించేవాడు. రాయచూరు వైపు వాళ్ళయితే 'బన్ని అక్కా, బన్ని' అని వాళ్ళ భాషలోనే పిలిచేవాడు. నూలు చీరకు పట్టు అంచు ఎలా అతికిందో కొంగు తిప్పి మరీ చూపేవాడు. అలాంటివాడిని కాక ఏమడగాలి?

"పక్క గల్లీ దుకాణం గురించి ఒక మంచి మాట చెప్పు."

"వాడు నాకు పోటీ రా అయ్యా!"

"గందుకే అడుగుతున్న."

పాపం బాలకిష్టయ్య తొందరలో, "వాని రంగులు పోవు, సరేనా? ఇగ రాయి" అన్నాడు. అన్నది అన్నట్టు కరపత్రంలోకి ఎక్కింది. మర్నాడు రిక్షా ఊరంతా తిరుగుతూ చాటింది: 'మహాశయులారా! పక్క గల్లీ దుకాణములో చీరల రంగులు ఎన్నటికీ పోవు. మా దుకాణము నందు కూడా చీరలు కలవు.' రిక్షా పాత బస్టాండు దాటకముందే బాలకిష్టయ్య చెప్పుల్లేకుండా పరుగెత్తి మైకు లాక్కున్నాడు. నేను బల్ల కింద దూరి నవ్వుకున్నాను. పక్క గల్లీ దుకాణదారుడు మాత్రం కాకకు మిఠాయి పంపాడు.

ఆ పుండు మానకముందే మెట్ల గొడవ మొదలైంది. మంచి మాట దొరకని వాళ్ళంతా బాలకిష్టయ్య మెట్ల మీదే కూర్చునేవారు కదా. అన్న మీద కోపంతో వచ్చిన తమ్ముడు, పాలివాళ్ళ మీద మండిపడుతున్న రైతు, వియ్యపురాలి పేరెత్తితే పళ్ళు నూరే అమ్మ, అందరూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆకాశం వైపు చూస్తూ, శత్రువులో సుగుణాలు వెతుక్కుంటూ ఉండేవారు. కొందరు అన్నం మూటలు కట్టుకుని మరీ వచ్చేవారు. రాయచూరు నుంచి ఒక పెళ్ళివారు చీరలకు వచ్చి, ఆ మెట్ల వరస చూసి ఆగిపోయారు. పెళ్ళికూతురి తల్లి గుండె మీద చెయ్యి వేసుకుని, "అయ్యో, ఈ దుకాణంల ఎవరన్న పోయిండ్రా?" అని అడిగి, అటు నుంచి అటే పక్క గల్లీకి నడిచింది.

ఆ సాయంత్రం బాలకిష్టయ్య ఊగిపోతూ వచ్చి కాక ముందు కూలబడ్డాడు.

"అర్జీ రాయాలె. మున్సిపాలిటీకి. ఈ బండ ఖాళీ చేపియ్యాలె."

"ఎవరి మీద?"

"నీ మీదనే!"

నేను నోరెళ్ళబెట్టాను. కాక మాత్రం తెల్లకాగితం తీసి బల్ల మీద సరిచేశాడు.

"రాస్త. దేవరాజు గురించి ఒక మంచి మాట చెప్పు."

"ఏముందిరా నీల మంచి? నా నెత్తిన శనిలెక్క కూసున్నవు. కోర్టు కాడ ఉన్న రాతగాళ్ళను అడిగిన. వాళ్ళ అర్జీల పస లేదు. రాస్తే నీ లెక్క రాయాలె, ఈ గద్వాలల నీ అంత గట్టిగ రాసేటోడు ఇంకొకడు లేకనే కద నీ దగ్గరికే వచ్చి సచ్చిన!"

"అగో, అయిపాయె" అని కాక మూత తీశాడు.

ఆ ఫిర్యాదు ఎలా వచ్చిందనుకున్నారు! కాక జన్మలో అంత పదునుగా ఇంకొకటి రాయలేదు. దారికి అడ్డం, వ్యాపారానికి నష్టం, మెట్ల దురాక్రమణ, ఏదీ వదల్లేదు. బాలకిష్టయ్య మరిచిపోయిన రెండు నేరాలు తనే గుర్తు చేసి కలిపాడు. టైపు కొట్టమని నా ముందు పెట్టాడు.

"నేను కొట్ట."

"గిరాకీ బిడ్డ. మన పని మనం చెయ్యాలె."

కొట్టాను. ఎంత కసిగా కొట్టానంటే చుక్క పెట్టిన చోటల్లా కాగితానికి చిల్లు పడింది.

అర్జీ ఫలించింది. మున్సిపాలిటీ ఉద్యోగి వచ్చి, వచ్చే సోమవారం విచారణకు వస్తాననీ, ఫిర్యాదు నిజమని తేలితే బండ ఖాళీ చేయాల్సి ఉంటుందనీ మర్యాదగా చెప్పిపోయాడు. ఆ బజారులో నీడ ఉన్న జాగా అదొక్కటే. కాకకు ఆ బండ తప్ప ఇంకో ఆధారం లేదు. ఆయన పోతే నాకూ లేదు, టైపు కొట్టించుకునే వాళ్ళంతా ఆయన కోసం వచ్చినవాళ్ళే. కాక మాత్రం, "నిజమే కద, మెట్ల మీద కూసుంటున్నరు" అని ఒప్పుకుని, సామాను పెట్టుకోవడానికి రేకు పెట్టె తుడుచుకుంటున్నాడు. ఆ పెట్టె చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

ఇలా కాదని నేను బయల్దేరాను. పాత గిరాకీలతో ఆయన తరఫున సంతకాలు పెట్టించాలని నా ఆలోచన. ముందు మల్దకల్ పోయి మాసయ్యను పట్టుకున్నాను. బావి గట్టు మీద అన్నాదమ్ములిద్దరూ ఒకే గిన్నెలో రొట్టె ముంచుకుని తింటున్నారు. నేను నమ్మలేదు.

"అర్జీ పనిచేసిందా ఏంది?"

"అర్జీ ఇయ్యనే లేదు. నేను ఇచ్చే ముంగటనే అన్న వచ్చి ఫీజులు పెట్టిండు" అన్నాడు మాసయ్య.

హన్మంతు మూతి తుడుచుకున్నాడు. "మరి పెట్టనా? గా దినం పొద్దుమీకి దేవరాజు సైకిలేసుకొని మా ఇంటికొచ్చిండు. 'మీ తమ్ముడు కలిసిండు, తేలు కుట్టిన నాడు నువ్వు మోసిన సంగతి చెప్పుకుంట ఏడ్చిండు' అన్నడు. మంచినీళ్ళు తాగి పోయిండు. అర్జీ సంగతి అననే లేదు."

"నేను ఏడ్వలే!" అన్నాడు మాసయ్య.

"ఏడ్చినవట. ఊకో."

తిరిగొచ్చి కిష్టమ్మ ఇంటికి పోయాను. అత్తా కోడలూ చింతపండు పిసుకుతున్నారు. అక్కడా అదే కథ. తన పచ్చిపులుసు గురించి కోడలు బజారులో పొగిడిందని దేవరాజే వచ్చి చెప్పాడని ఆ అత్త మురిసిపోతూ చెప్పింది. ఇంకో ఇద్దరి దగ్గరికి పోతే వాళ్ళూ అంతే. కాక మంచి మాట ఎందుకు అడుగుతాడో అప్పుడు నాకు తెలిసింది. అధికారుల కోసం కాదు, అర్జీ కోసం అసలే కాదు. ఎవరి గురించి అన్నారో వాళ్ళ చెవిన వేయడానికి! పొద్దంతా రాసి, సాయంత్రం ఊళ్ళు పట్టుకుని తిరిగి, తన గిరాకీని తనే పోగొట్టుకుంటున్నాడు. ఈయన సైకిలుకు రోజూ పంచరు ఎందుకవుతుందా అని అనుకునేదాన్ని!

మర్నాడు నిలదీశాను. కాక దొంగతనం బయటపడ్డట్టు తల దించుకున్నాడు.

"ఊకె, ఇంటికి పోయే దారిల చెప్పిన బిడ్డ."

"మల్దకల్ నీ ఇంటికి పోయే దారిలనా?"

"మొహం మీద చెప్పాలంటే మనుషులకు సిగ్గు. నా కాడైతే చెప్తరు. చెప్పిన మాట వట్టిగ పోవద్దు కద."

ఆ క్షణంలో ఆయన మీద నాకు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు. కోపం కూడా అంతే వచ్చింది. మిషనులో కాగితం ఎక్కించాను.

"సరే. ఇప్పుడు నేను నీ తరఫున జవాబు అర్జీ కొడ్త. ముందుగాల బాలకిష్టయ్య గురించి ఒక మంచి మాట చెప్పు."

"వాని గురించా?" కాక కస్సుమన్నాడు. "నా నోటికాడి కూడు తీస్తున్నోని గురించి మంచి మాటనా?"

"గట్లయితే జర మెట్ల మీద కూసొని యాది చేస్కో."

మెట్ల మీద అప్పటికే ఉన్నవాళ్ళు గొల్లున నవ్వి, జరిగి, ఆయనకు జాగా ఇచ్చారు. కాక కూర్చున్నాడు. నస్యం పీల్చాడు. లేచి వచ్చి, "వాని రేకు నీడ మంచిది" అన్నాడు. రేకు మీద పెడుతున్నావా అర్జీ అని వెనక్కి పంపాను. ఒప్పుకుంటున్నాను, నాకు భలే సంతోషంగా ఉండింది. చాలాసేపటికి కాక మెట్ల మీద నుంచే, ఎవరి వైపూ చూడకుండా మాట్లాడాడు.

"కూలికి దేశాలు పోయే ఆడోళ్ళు వస్తరు చూడు, బస్సుకు టైముంటే ఊకె చీరలు చూసి పోదామని. వాళ్ళు కొనరని వానికి తెలుసు. అయినా పెద్ద పట్టుచీర తీస్తడు. అద్దం ముంగట నిలబెట్టి భుజం మీద ఏస్తడు. 'నీకు మస్తుగున్నది అక్కా' అంటడు. సోడా తాపుతడు. వాళ్ళు పోయినంక మడత పెట్టుకుంట గూడ మొహం మాడ్చుకోడు. కొనేటోళ్ళకు ఎవడన్న చూపిస్తడు బిడ్డ. కొననోళ్ళకు చూపెట్టేటోన్ని నేను వీన్నొక్కన్నే చూసిన."

నేను జవాబు అర్జీ కొట్టలేదు. లేచి నేరుగా దుకాణంలోకి పోయాను. బాలకిష్టయ్య చీరలు సర్దుతున్నాడు.

"ఏందమ్మా, రాజీకొచ్చినవా? నేను తగ్గ."

"రాజీ గాదు సేటూ. కాక నీ గురించి ఒక మాట అన్నడు" అని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

బాలకిష్టయ్య చేతిలో కొంగు అలాగే ఉండిపోయింది. మెల్లగా గద్దె మీద కూర్చున్నాడు.

"గవన్ని వాడెప్పుడు చూసిండు?"

"రోజు చూస్తనే ఉన్నడట."

"జర మళ్ల చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"గట్లనే అన్నడా? గవే మాటలా? 'వీన్నొక్కన్నే' అన్నడా?"

"అన్నడు."

ఆయన దుకాణం వెనక ఇంట్లోకి కేకేశాడు. "ఓ రాజేశ్వరీ! ఇటు రా జర. టైపు కొట్టే సుగుణ ఏదో చెప్తదట, విను." ఆయన భార్య రాజేశ్వరమ్మ పిండి చేతులతో వచ్చింది. ఆవిడకూ చెప్పాను. ఆవిడ భర్త వైపు చూసి, "కొననోళ్ళకు గన్ని చీరలెందుకు ఇప్పుతవని నేను రోజు తిడ్త ఉంటి" అంది. "గిప్పుడు తిట్టు" అన్నాడు బాలకిష్టయ్య గర్వంగా.

సోమవారం మున్సిపాలిటీ ఉద్యోగి వచ్చాడు. ఫిర్యాదు నిజమేనా అని అడిగాడు. కాక రేకు పెట్టె పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాలకిష్టయ్య మెట్లు దిగి వచ్చాడు.

"నిజమే సారూ. జనం మెట్ల మీద కూసుంటున్నరు. పాపం, వెనక ఆనుకునే దానికి లేదు. అందుకని నేనే ఒక బెంచీ చేపిస్తున్న. గోడ పక్కకు ఏస్త, దారికి అడ్డం రాదు. ఇగ ఫిర్యాదు లేదు."

ఆ ఉద్యోగి ఊపిరి పీల్చుకుని, సోడా తాగి వెళ్ళిపోయాడు. బెంచీ వచ్చింది. పెళ్ళివాళ్ళు కూడా దాని మీదే కూర్చుని, పక్కవాడి గోడు వింటూ, వాడి తరఫున మంచి మాటలు వెతికిపెట్టేవారు.

కథ అక్కడితో ఆగితే బాగుండును. మర్నాడు పొద్దున దుకాణం తెరుస్తూనే బాలకిష్టయ్య నా బల్ల దగ్గరికి వచ్చి, కాక ఇంకా రాలేదని చూసుకుని, చెవిలో అడిగాడు.

"ఇంకేమన్న అన్నడా నా గురించి?"

"ఇయ్యాల ఏమనలే సేటూ."

మొహం ఎంత చిన్నబోయిందో! ఆ తర్వాత రోజూ ఇదే తంతు. పైగా కాక ఒకనాడు నస్యం పీలుస్తూ, ఏమీ పట్టనట్టు, "బాలకిష్టయ్య బెంచీ ఏసిండు గద, నా గురించి ఏమన్న అన్నడా ఏంది?" అని ఆరా తీశాడు. ఇద్దరికీ మధ్య నాలుగడుగుల దూరం లేదు. మొహాన ఒక మాట అనుకోరు. ఇక నా పని సగం టైపు, సగం మోత అయింది. అటు మాట ఇటు, ఇటు మాట అటు వేసేదాన్ని.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు, ఆ టైపు మిషను మీద గుడ్డ కప్పి ఉంచాను, కాబట్టి చెప్పేస్తున్నాను. ఆ ఏళ్ళలో నేను మోసిన మాటల్లో సగానికి పైగా వాళ్ళు అన్నవి కావు, నేనే కూర్చుని అల్లినవి. ఒక్కసారి కూడా ఆ ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాలేదు.